గోడ మీద కన్ను

ప్లేనో, టెక్సాస్
ఫిబ్రవరి 3, 2025

మాణిక్యక్కకి,

నా అక్షరాలు చూసి నవ్వకు. ఏడో తరగతితో మానేసినదాన్ని, ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. గీతల్లేని కాగితం కావడంతో వరసలు కూడా కిందికి జారిపోతున్నాయి. తప్పులు నువ్వే దిద్దుకుని చదువుకో. మొన్ననే ఫోన్‌లో మాట్లాడుకున్నాం కదా, మళ్ళీ ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ఫోన్‌లో "అన్నీ బాగున్నాయక్కా" అన్నాను చూడు, అది నీతో అన్న మాట కాదు. గోడ మీద ఉన్నదానికి వినపడాలని అన్నాను.

ఇంట్లో కెమెరా పెట్టారు. రవికుమార్‌గారని ఒకాయన ఈ మధ్య మీ మరిదిగారి చేత గృహప్రవేశం చేయించుకున్నారు, కంప్యూటర్ ఉద్యోగం. "మీరు పొద్దస్తమానం గుడిలోనే ఉంటారు, ఇంట్లో అమ్మగారు ఒక్కరే కదా పంతులుగారూ" అని ఇది ఇచ్చారట. తెల్లగా, గుండ్రంగా, అరచేతిలో పట్టేంత ఉంటుంది. మధ్యలో నల్లటి కన్ను. హాల్లో అలమార పైన గోడకి బిగించారు. ఇక్కడి ఇళ్ళ సంగతి నీకు తెలుసు కదా, వంటింటికి గోడ ఉండదు. నేను పొయ్యి దగ్గర నిలబడితే సరిగ్గా దాని ఎదురుగా ఉన్నట్టే.

"కొత్త వస్తువు, బొట్టు పెట్టు హైమా" అన్నారు మీ మరిదిగారు. ఫ్రిజ్‌కీ కారుకీ పెట్టినట్టే గంధం రాసి, కుంకుమ తడిపి పెట్టాను. చోటు లేక కంటికి ఆనుకునే పెట్టాల్సి వచ్చింది. పెట్టి చెయ్యి తీశానో లేదో, అది మెడ తిప్పి నా వైపు చూసింది. నేను కుడికి వెళితే కుడికి తిరుగుతుంది, సింకు దగ్గరికి వెళితే సింకు వైపు. మనిషి కదిలితే తిరగడం దాని పనేనట. మాటలు కూడా వింటుందట. గుమ్మం దాటి మాట్లాడదామంటే ఫోన్ ఆయన అకౌంట్‌లోది, ఎవరితో ఎంతసేపు మాట్లాడానో తెలిసిపోతుంది. అందుకే నువ్వు అడ్రస్ రాసి, స్టాంపులు అంటించి ఇచ్చిన కవర్లు బయటికి తీశాను.

అక్కా, నీకు ఇన్నాళ్ళూ చెప్పని సంగతి ఒకటి ఉంది. పెళ్ళప్పుడు మా అత్తగారు నాతో ఒక్క మాటే గట్టిగా అన్నారు. "వాడు గర్భగుడిలో స్వామిని ముట్టుకునేవాడు. అమెరికా అయినా సరే, ఆ మూడు రోజులూ నువ్వు వేరే గదిలో ఉండు. వాడు గుడిలోనే ప్రసాదం తిని వస్తాడు" అని. సరేనన్నాను. మన ఇంట్లోనూ అదే పద్ధతి కదా. కానీ అక్కడ అమ్మ ఉండేది, నువ్వు ఉండేదానివి. నేను నోరు విప్పకుండానే ఇంట్లో అందరికీ తెలిసిపోయేది. ఇక్కడ ఆయనకి నా నోటితో నేనే చెప్పాలి. మొదటి నెల ఆయనతో నాలుగు మాటలు మాట్లాడి ఎరగను. గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాను. "ఏమిటి?" అన్నారు. "పెరుగు అయిపోయింది" అన్నాను. ఇక వంట చేసి పెట్టేశాను. రెండో నెల చెబితే మొదటి నెల సంగతి అడుగుతారని అప్పుడూ చెప్పలేదు. అలాగే జరిగిపోతోంది. దేవుడి గదిలోకి మాత్రం వెళ్ళను, ఒట్టు.

పోయిన నెల ఆ రోజుల్లోనే పొయ్యి మీద పప్పు పెట్టి, కళ్ళు తిరిగినట్టయితే నేల మీదే పడుకుండిపోయాను. ఆయన వచ్చి లేపారు. పప్పు మాడి ఇల్లంతా పొగ. "నిద్ర పట్టేసింది" అన్నాను. ఆయన నా మొహంలోకి అదోలా చూశారు. తర్వాతి వారమే ఈ కెమెరా వచ్చింది.

అనుమానం వచ్చిందన్నమాటే కదా? నేను ఏ రోజు వంటింట్లో ఉంటున్నానో, ఏ రోజు దేవుడి గది తలుపు తియ్యట్లేదో చూడటానికే కదా? ఇది అత్తగారి దాకా వెళితే నన్ను ఇంట్లో ఉండనిస్తారా? ఏం చెయ్యమంటావో చెప్పు. బావగారితో కూడా అనకు.

నీ చెల్లెలు
హైమ


ఎడిసన్, న్యూజెర్సీ
ఫిబ్రవరి 11, 2025

ఒసేయ్ హైమా,

నీ అక్షరాలకేం, ముత్యాల్లా ఉన్నాయి. నీ మెతకతనం చూస్తేనే నాకు ఒళ్ళు మండుతోంది. ఈ ఉత్తరం కందిపొడి పొట్లం అడుగున పెట్టి పంపుతున్నాను. పార్సిల్ ఆయన విప్పినా పొడి డబ్బాలో పోసేది నువ్వే కదా.

ముందు ఒక మాట. వంట చేశావు, అంతేగా? నేనైతే ఇక్కడికి వచ్చిన ఏడాదే అవన్నీ మానేశాను. మీ బావ ఓక్ ట్రీ రోడ్డు హోటల్లో రోజంతా ఊరందరికీ దోసెలు పోసి ఇంటికొస్తారు, ఆయన్ని మళ్ళీ పొయ్యి దగ్గరికి పంపమంటావా? అయితే మీది పూజారిగారి ఇల్లు, మీ అత్తగారు వేరే రకం. అది నాకూ తెలుసు.

మా పైగదిలో అద్దెకుంటున్న దేదీప్య ఉంది కదా, ఎమ్మెస్ చదువుతోంది, ఈ కెమెరాల చదువే. నీ పేరు చెప్పకుండా అడిగాను.

"ఆంటీ, ఒక కెమెరాని యాప్‌లో ఎంతమందితోనైనా షేర్ చేసుకోవచ్చు. వాళ్ళు ఇండియాలో ఉన్నా చూడొచ్చు" అంది.

"మాటలు కూడా వినపడతాయా?"

"వినపడతాయి. వాళ్ళు అటునుంచి మాట్లాడొచ్చు కూడా. ఇంతకీ ఎవరింట్లో ఆంటీ?"

"నా స్నేహితురాలి ఇంట్లోలే."

"మీ స్నేహితురాలు ఇంట్లో ఏం చేస్తోందేమిటి?" అని నవ్వింది. రెండు తగిలించాలనిపించింది.

ఇప్పుడు అర్థమైందా? ఇది మీ ఆయన బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. మంత్రాలు తప్ప ఇంకేం ఎరగని మనిషికి కెమెరా ఎందుకు గుర్తొస్తుంది? మీ అత్తగారు అక్కడ మంచం మీద కూర్చుని, వత్తులు చేసుకుంటూ నీ వంటిల్లు చూస్తోందన్నమాట.

"కెమెరా ఊరికే ఆగిపోతోందట, ఏం చెయ్యాలి?" అని కూడా అడిగాను దేదీప్యని. అది ఒక్కొక్కటీ చెప్పింది. వైఫై డబ్బాకీ దానికీ మధ్య ఇనుము, ఇత్తడి లాంటివి అడ్డం ఉండకూడదట. కరెంటు ప్లగ్గు వదులుగా ఉండకూడదట. ఎదురుగా కర్టెన్ ఊగుతుంటే మనిషి అనుకుని ఊరికే ఫోన్‌కి మెసేజ్‌లు పంపిస్తుందట. లోపలి కార్డు నిండిపోకుండా చూసుకోవాలట. దీపం నీలంగా ఉంటే చూస్తున్నట్టు, ఎర్రగా కొట్టుకుంటుంటే కనెక్షన్ పోయినట్టు.

అది బాగుచెయ్యడానికి చెప్పింది. నువ్వు అన్నీ తలకిందులుగా చెయ్యి. ఇత్తడి గంగాళం ఉంది కదా మీ ఇంట్లో? కెమెరా ఆగిపోయినప్పుడు మీ ఆయన ఏం చేస్తాడో చూడు. పట్టించుకోకపోతే ఏమీ లేనట్టు. కంగారు పడ్డాడా, నేను చెప్పిందే నిజం.

కందిపొడిలో నెయ్యి వేసుకు తిను. నీ కోపం నాకు ఇచ్చెయ్, నా దగ్గర చోటుంది.

మాణిక్యం


ప్లేనో
ఫిబ్రవరి 20, 2025

అక్కా,

కందిపొడి అందింది. కాగితం మడతల్లో పొడి ఉండిపోయి, చదువుతుంటే తుమ్ములు. కెమెరా నా వైపు తిరిగింది.

నువ్వు చెప్పినవి చెయ్యకముందే ఒకటి జరిగింది. ఆ రోజు వంటింట్లో నేల మీద కూర్చుని గోంగూర ఒలుస్తున్నాను. గోడ మీంచి గంట మోగింది. మన గుడి గంటే, నాకు తెలియదూ! ఆ వెంటనే ఎవరో ఊపిరి పీల్చుకున్న చప్పుడు. కాసేపటికి కారు వచ్చి ఆగింది. మడిపంచెతో, ఈ చలిలో ఒంటి మీద ఉత్తరీయం తప్ప ఏమీ లేకుండా, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా ఆయన లోపలికి పరిగెత్తుకొచ్చారు.

"ఏం చేస్తున్నావు?"

"గోంగూర."

నన్ను చూశారు, నేలంతా చూశారు. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. అభిషేకం మధ్యలో వదిలి వచ్చారట, తర్వాత తెలిసింది. ఏం చూడటానికి వచ్చారంటావు?

ఆ సాయంత్రమే రవికుమార్‌గారిని వెంటబెట్టుకొచ్చారు. బొమ్మ సరిగ్గా కనిపించట్లేదని. ఆయన స్టూలెక్కి చూసి ఒకటే నవ్వు. "పంతులుగారూ, దీనికి కంటినిండా కుంకుమే! వంట ఆవిరికి కరిగి కిందికి కారింది. ఇక ఏం కనిపిస్తుంది?" అంటూ తడిగుడ్డతో తుడిచేశారు. "అమ్మా, దేవుడికి పెట్టండి, ఫ్రిజ్‌కి పెట్టండి, దీనికి మాత్రం వద్దు" అని నాకు చెప్పారు. నేను తలుపు చాటున నిలబడి తలూపాను. అంటే ఇన్నాళ్ళూ నా బొట్టే నన్ను కాపాడిందన్నమాట. ఇప్పుడు దానికి శుభ్రంగా కనిపిస్తోంది.

దాంతో నాకు మొండితనం వచ్చింది. గంగాళం కడిగి వైఫై డబ్బా ముందు బోర్లించాను. దీపం ఎర్రగా కొట్టుకుంది. ప్లగ్గు కూడా సగం లాగాను. మధ్యాహ్నం ఆయన మళ్ళీ వచ్చేశారు. రోజూ సాయంత్రం దీపారాధన అయ్యాకే వచ్చే మనిషి. గంగాళం చూసి, తీసి, జాగ్రత్తగా పక్కన పెట్టారు. ప్లగ్గు నొక్కారు. మళ్ళీ గుడికి వెళ్ళిపోయారు. అరిచినా బాగుండేది.

మర్నాడు కిటికీ తెరిచి కర్టెన్ వదిలేశాను. రోజంతా అది ఊగుతూనే ఉంది. ఆయన ఫోన్ గుళ్ళో మంత్రపుష్పం మధ్యలో కూడా మోగుతూనే ఉందట. కమిటీవాళ్ళు "ఏమిటండీ పంతులుగారూ, షేర్లు గానీ కొన్నారా?" అన్నారని రవికుమార్‌గారితో ఫోన్‌లో చెబుతుంటే విన్నాను. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది.

నువ్వు అన్నది నిజమే అక్కా. నిన్న ఆయన వరండాలో ఫోన్ పట్టుకుని అత్తగారితో మాట్లాడుతున్నారు. "కనిపిస్తోందా అమ్మా? ఇంకొంచెం దగ్గరగా పెట్టనా?" అంటున్నారు. నన్ను చూడగానే ఫోన్ పక్కకి తిప్పేశారు.

ఇంకొకటి. ఇవాళ నాకు రెండో రోజు. కెమెరాకి వీపు తిప్పి, నిటారుగా నిలబడి, ఏమీ లేనట్టే వండాను. వడ్డిస్తుంటే నా వైపు చూడకుండా "నడుం నొప్పిగా ఉందా?" అన్నారు. ఎలా తెలిసింది? "లేదండీ" అన్నాను. తిన్నారు. మజ్జిగ కూడా పోసుకుని తిన్నారు. తెలిసీ తిన్నారంటే, రుజువు కోసం తిన్నారనే కదా?

వచ్చేవారం శివరాత్రి. ఆయన ఇంటికి రానే రారు. నేనూ, గోడ మీద అదీ మాత్రమే ఉంటాం.

భయంతో
హైమ


ఎడిసన్
మార్చి 1, 2025

హైమా,

నీ ఉత్తరం చదివి శివరాత్రి ఉపవాసం మర్చిపోయి ఇడ్లీ తినేశాను. ఆ పాపం కూడా మీ అత్తగారి ఖాతాలోనే.

"కనిపిస్తోందా అమ్మా" అన్న మాట చదివాక నేనిక ఊరుకుంటానా? నువ్వు నోరు విప్పవు, నాకైతే నోరు ఉంది కదా. ఆవిడకి ఫోన్ చేశాను. కుశలప్రశ్నలు కూడా వెయ్యలేదు.

"ఏమండీ పిన్నిగారూ, మా చెల్లిని కెమెరాలో కాపలా కాస్తున్నారటగా?" అన్నాను.

"కెమెరా ఏమిటమ్మా?" అంది. ఎంత నటనే తల్లీ! ఏ పాపం ఎరగనట్టు.

"మీకు తెలియదా? వంటింటికి ఎదురుగా బిగించారే! దొంగతనం చేస్తుందనా, ఇల్లు వదిలి పారిపోతుందనా? నోట్లో నాలుక లేని పిల్ల. ఆ మూడు రోజులు కూడా నడుం పట్టుకుని మీ అబ్బాయికి వేడివేడిగా వండి పెడుతోంది, తెలుసా? అలాంటిదాని మీదా మీకు అనుమానం?" అని దులిపేశాను.

అటునుంచి చప్పుడు లేదు. మూడు ఖండాలు దాటి మాట వెళ్ళడానికి అంతసేపు పట్టిందేమో అనుకున్నాను. తర్వాత ఫోన్ పెట్టేసింది. నోరు మూయించానే హైమా! ఇక చూడు, వారం తిరక్కుండా ఆ కెమెరా దిగిపోతుంది.

పక్కనే వింటున్న మీ బావ మాత్రం "అంతా చెప్పేశావేమిటే" అని గొణిగారు. ఆయనకి మంచిగా ఉండటం తప్ప ఇంకేం తెలుసు.

ధైర్యంగా ఉండు. నీ వెనక నేను ఉన్నాను.

మాణిక్యం


ప్లేనో
మార్చి 8, 2025

అక్కా,

ఎంత పని చేశావు. నీ ఉత్తరం ఇవాళ అందింది. నువ్వు ఫోన్ చేశావని దానికంటే ముందే తెలిసింది, ఎలాగో చెబుతాను.

పొద్దున అత్తగారు నాకే ఫోన్ చేశారు. ఎప్పుడూ ఆయనకే చేస్తారు. "మీ అక్క అన్నది నిజమేనా?" అన్నారు. నాకు గొంతు రాలేదు. రాకపోవడమే జవాబు అయిపోయింది. "వాడిని గర్భగుడిలోకి పంపిస్తూ ఇంట్లో నువ్వు చేస్తున్నది ఇదా? నేను చెప్పిన ఒక్క మాటా నిలబెట్టలేకపోయావా?" అన్నారు. అరవలేదు అక్కా. మెల్లగా అన్నారు. "వాడితో మాట్లాడతాను. నిన్ను ఇక్కడికి పంపించెయ్యమంటాను. నేర్చుకుని వెళుదువుగాని" అన్నారు. ఆఖరున, "ఆ కెమెరా సంగతి నాకు ఇంతవరకూ తెలియదు. మంచి మాటే చెప్పింది మీ అక్క. ఇక నుంచి నేనూ చూస్తాను" అన్నారు.

ఆవిడకి తెలియదు! ఆవిడకి ఏమీ తెలియదు. నేను నీకొక్కదానికే చెప్పుకున్నాను. నువ్వు ఆవిడకి చెప్పావు. మనం ఇద్దరం కలిసి లేని కాపలాని తెచ్చి పెట్టుకున్నాం. నా మీద నాకూ కోపం వస్తోంది, "కనిపిస్తోందా అమ్మా" అన్నారని నీకు రాసిన చెయ్యి ఇదే కదా. అయినా నీ మీదే ఎక్కువ వస్తోంది.

ఆయన మధ్యాహ్నం వచ్చారు. చెప్పులు విప్పుతుండగానే ఫోన్ మోగింది. పేరు చూసి, మళ్ళీ చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళి కారులో కూర్చున్నారు. తలుపులు వేసుకుని. నేను కిటికీలోంచి చూస్తున్నాను. మొదట తల ఊపుతున్నారు. తర్వాత నుదురు స్టీరింగుకి ఆన్చారు. ఇప్పుడు ఆయనే మాట్లాడుతున్నారు, చెయ్యి ఆడిస్తూ. ఆయన చెయ్యి ఆడించి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

ఇది రాస్తుంటే ఇంకా కారులోనే ఉన్నారు. పెట్టె కిందికి దించి పెట్టుకున్నాను. పంపించెయ్యకముందే సర్దుకుంటే మంచిది కదా. కెమెరా నన్నూ పెట్టెనీ చూస్తోంది. చూడనీ.

వీధి చివర పోస్టు డబ్బా ఖాళీ చేసే వేళయింది. కవరు అంటించేస్తున్నాను.

హైమ


ఎడిసన్
మార్చి 14, 2025

బంగారు తల్లీ,

నన్ను తిట్టు. ఇంకా తిట్టు. మీ బావ తిట్టనే తిట్టారు, దేదీప్య కూడా "ఆంటీ, మీరు అన్నీ చెప్పేశారా?" అని నోరు వెళ్ళబెట్టింది. రెండు రోజుల నుంచి నీకు ఫోన్ చేస్తున్నాను, ఎత్తట్లేదు. ఎవరు ఎత్తనివ్వట్లేదు?

నా తప్పు నాది. కానీ ఒక్కటి ఆలోచించు. నీ ముందు మాట్లాడగలిగిన మాటే అయితే కారులోకి వెళ్ళి తలుపులు ఎందుకు వేసుకుంటాడు? వాళ్ళు ఇద్దరూ ఏదో తేల్చేసుకున్నారు. మగవాడు తల్లికి ఎదురు చెబుతాడని నేను అనుకోను. నిన్ను అటు పంపించేలోగా నువ్వే ఇటు వచ్చెయ్. మీ బావ విమానం టికెట్ బుక్ చేశారు. ఈ నెల ఆఖరి ఆదివారం, డాలస్ నుంచి నెవార్క్‌కి. ఆ రోజు ఉగాది. పచ్చడి మా ఇంట్లో తిందువుగాని.

నీ సామాను ఎంత ఉన్నా మా ఇంట్లో పడుతుంది.

అక్క


ప్లేనో
మార్చి 22, 2025

అక్కా,

ఫోన్ నేనే ఎత్తలేదు. ఎవరూ ఆపలేదు. నీతో మాట్లాడితే ఏడుస్తాను, ఏడిస్తే నువ్వు ఇంకెవరికో ఫోన్ చేస్తావు. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు కారులోంచి లోపలికి వచ్చారు. పెట్టె చూశారు. దాని పక్కనే నేల మీద కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను.

"అమ్మ ఫోన్ చేసింది" అన్నారు.

"ఊఁ."

"ఆ రోజుల్లో నేనే వండుకుంటున్నానని చెప్పాను. నువ్వు పక్కగదిలోనే ఉంటున్నావని. మీ అక్క కోపంలో ఏదో అనేసిందని."

అక్కా, ఆయన ఎవరితోనైనా చిన్న అబద్ధం ఆడగా నేను చూడలేదు. గుడికి ఆలస్యమైతే ట్రాఫిక్ అని కూడా అనరు, లేవలేకపోయానని చెబుతారు. అలాంటి మనిషి కన్నతల్లికి అబద్ధం చెప్పి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నాకు అప్పుడు నోరు వచ్చింది.

"మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"మొదటి నెల నుంచి."

"ఎలా?"

"దేవుడి గదిలో ముగ్గు లేదు."

"మరి నేను వండింది ఎందుకు తిన్నారు?"

"ఆకలేసింది" అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "గుడికి వెళ్ళేముందు మళ్ళీ తలస్నానం చేసేవాణ్ణి. స్వామికి చెప్పుకున్నాను."

"ఏమని?"

"ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరు, మా ఇద్దరికీ నోరు లేదు అని."

కెమెరా సంగతి అప్పుడు అడిగాను. నేను నేల మీద పడి ఉన్న రోజు ఆయన ఇంట్లోకి వచ్చేసరికి పొయ్యి వెలుగుతూనే ఉందట, నా చీర కొంగు దానికి జానెడు దూరంలో ఉందట. "నిద్ర అన్నావు. నిద్రపోయేవాళ్ళ పెదాలు అంత తెల్లగా ఉండవు" అన్నారు. గోంగూర రోజు ఫోన్‌లో చూస్తే బొమ్మ అడుగంతా ఎర్రగా, మధ్యలో నేను నేల మీద. అది కారిన కుంకుమ అని ఆయనకి ఎలా తెలుస్తుంది? పిలుద్దామని మాట్లాడే మీట నొక్కి, ఏమని పిలవాలో తెలియక పరిగెత్తుకొచ్చారట. కెమెరా ఆగిపోయినప్పుడల్లా అదే భయమట. "కనిపిస్తోందా అమ్మా" అన్నది శివరాత్రికి స్వామికి చేయించిన కొత్త నాగాభరణం వీడియో కాల్‌లో చూపిస్తూనట. నన్ను చూడగానే ఫోన్ ఎందుకు తిప్పారని అడిగాను. నేను ఇంట్లో పాత చీరతో ఉన్నానని, అత్తగారు చూస్తే నాకు సిగ్గేస్తుందని తిప్పారట.

"నన్ను అడగొచ్చు కదా?" అన్నాను.

"నువ్వు చెప్పొచ్చు కదా?"

"అడగడానికి నోరు లేనివాళ్ళకి చూడటానికి కన్ను ఎందుకండీ?" అన్నాను. ఆ మాట నాదేనా అని నాకే ఆశ్చర్యం వేసింది. ఆయన లేచి స్టూలు వేసుకుని కెమెరా దించేశారు.

అంతా నమ్మేశావా అని అడుగుతావు. చాలావరకు నమ్మాను. మిగిలిన కాస్తా నమ్మడానికి ఇంకొంత కాలం పడుతుంది. నా కోసమే అయినా, నాకు చెప్పకుండా నన్ను చూశారు. అది ఆయనతోనూ అన్నాను. తప్పే అన్నారు.

అత్తగారు ఊరుకోలేదు. తనకీ కెమెరా చూపించమని రోజూ అడుగుతున్నారు. "కనెక్ట్ అవ్వట్లేదమ్మా" అని ఇంకో అబద్ధం. దాన్ని రవికుమార్‌గారికి తిరిగి ఇచ్చేశారు. ఆయన అక్కడే తగిలించి చూసి, "ఏ లోపమూ లేదండీ, భేషుగ్గా పనిచేస్తోంది!" అన్నారట. "మా ఇంట్లో పనిచెయ్యదండీ" అని వచ్చేశారు ఈయన.

గుడికి వచ్చే డాక్టరు ఉషగారికి చూపించారు. నాకు రక్తం బాగా తక్కువగా ఉందట, కళ్ళు తిరగడం అందుకేనట. మాత్రలు ఇచ్చారు. అవి వేసుకుంటే నోరంతా ఇనుము రుచి.

ఈ నెల ఆ రోజులు రాగానే గుమ్మం దగ్గర నిలబడి చెప్పాను. పెరుగు సంగతి కాదు, అసలు సంగతే. "సరే, అమ్మకి చెప్పింది నిజం చెయ్యాలి కదా" అని పంచె ఎగ్గట్టి పొయ్యి దగ్గరికి వెళ్ళారు. ఉప్మాలో ఉప్పు రెండుసార్లు పడింది. నేను పక్కగదిలో కూర్చోలేదు. వంటింట్లోనే కుర్చీ వేసుకుని ఏది ఎంత వెయ్యాలో చెప్పాను. ఇది కూడా అత్తగారికి చెప్పిన మాట ప్రకారం తప్పే. అందుకే అసలు విషయానికి వస్తున్నాను.

టికెట్ రద్దు చేయించు. నేను రావట్లేదు, అత్తగారే వస్తున్నారు. మే నెలలో. మీ మీద కోపం లేదని చూపించడానికో, నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి అడగడానికో తెలియదు, ముందు నెవార్క్‌లో దిగి మీ ఇంట్లో రెండు రోజులు ఉండి, అప్పుడు ఇక్కడికి వస్తారట. ఆవిడ కళ్ళజోడు లేకుండా పంచాంగం చదువుతారు. నా అక్షరాలు ఎంత వంకరగా ఉన్నా చదివేస్తారు. నువ్వు ఏ ఉత్తరమూ పారెయ్యవని నాకు తెలుసు, బియ్యం డబ్బా వెనకో, పాత చీరల కిందో దాస్తావు. ఆయన తన తల్లికి చెప్పిన మాట అబద్ధమని చెప్పేవి ఈ లోకంలో నా ఉత్తరాలే. ఆవిడ అడిగితే నువ్వు కోపంలో అనేశానని చెప్పు. ఒక్కసారి నా కోసం తగ్గు.

నేను రాసినవన్నీ, దీనితో సహా, కాల్చెయ్ అక్కా. చింపి చెత్తలో వెయ్యకు, కాల్చు. ఇంట్లో వద్దు, పొగకి అలారం కూస్తుంది. పెరట్లో పెట్టి కాల్చు. కాల్చేటప్పుడు నాకు వీడియో కాల్ చెయ్యి. నీ మీద నమ్మకం లేక కాదు. అయినా సరే, చూస్తాను.

హైమ